మైత్రీవనం మెట్ల మీద (7వ భాగం)



పోయిన భాగంలో భాగ్యరెడ్డి వర్మ బడుల దగ్గర ఆగినం. ఈసారి వేరే బడి. నా సొంత కథ కొంత కలుస్తది, ఓర్చుకోండి.

రెండేండ్ల కింద ఎండాకాలంల అమీర్‌పేటలో వెబ్ డెవలపర్ కోర్సుల చేరిన. తొంభై రోజులు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నోనికి అక్కడేం పని అంటరు. కాలేజీల నాది గంటల లెక్క కొలువు. సెలవులల్ల గంటలుండయి, గంటలు లేకుంటే జీతముండది. మా చిన్నాయిన కొడుకు "అన్నా, నీ పీహెచ్‌డీ కన్నా నా మూడు నెలల కోర్సుకే ఎక్కువొస్తయి" అన్నడు. తమాషాకే అన్నడు గాని గుచ్చుకున్నది.

మాది బంట్వారం. మా నాయిన తాండూరు నాపరాళ్ల గనిల బండలు కొట్టిండు. మొదటి వారం వికారాబాద్‌ల రైలెక్కి, బేగంపేటల దిగి, ఆడికెళ్లి నడుచుకుంట పోయిన. తిరగలేక ఎస్.ఆర్. నగర్‌ల హాస్టల్ వెతికిన. ఒక హాస్టలాయన అడ్వాన్స్ చేతుల పట్టుకొని "ఇంటిపేరేంది తమ్ముడూ?" అన్నడు. చెప్పిన. మంచం ఖాళీ లేదన్నడు. అంతకుముందు రెండు నిమిషాల కిందనే ఆ మంచం నాకు చూపెట్టిండు.

క్లాసుల నూటికి పైగా కుర్చీలు. ముందు హెచ్‌టీఎంఎల్, తర్వాత సీఎస్ఎస్, ఆ తర్వాత జావాస్క్రిప్ట్. ఒక్క బ్రాకెట్ మరిస్తే పేజీ అంత తెల్లగ. నా పక్కన పెద్దేముల్ దిక్కు పిల్లగాడు. మా మాదిగోడే, సర్కారు బడి, తెలుగు మీడియం, బీటెక్. లెక్క నాకన్న ముందే పట్టేటోడు. ఎర్ర అక్షరాలల్ల తప్పు కనబడంగనే గడ్డకట్టుకపోయేటోడు. ఒకనాడు "సార్, అన్‌డిఫైన్డ్ అంటే ఏంది?" అన్నడు. తెలుగు సార్‌ను కద, "నిర్వచించనిది" అన్న. "ఇది ఇంకా కష్టమున్నది సార్" అని నవ్విండు. అప్పుడు మన మాటల చెప్పిన: "డబ్బా మీద పేరు రాసినవు, లోపల ఏం పెట్టలే." ఆ తర్వాత వాడు నన్ను అడగలే, నేనే వాన్ని అడిగిన.

ఈ భాష సంగతి కొత్తది కాదు. 1918ల ఉస్మానియా మొదలైనప్పుడు బోధన ఉర్దూల. దేశభాషల యూనివర్సిటీ చదువు చెప్పిన గొప్ప పని అది, కాదనను. కాని వాడల పుట్టిన తెలుగు పిల్లగానికి ఉర్దూ కూడ పరాయి గడపే. భాగ్యరెడ్డి వర్మ 1910ల ఇసామియా బజార్, లింగంపల్లిల బడులు తెరిచి తెలుగుల చెప్పించిండు. మన పిల్లగానికి మొదలు అక్షరం అందాలె, భాష అడ్డం రావద్దు అన్నది ఆ ఎంపికలనే ఉన్నదని నేననుకుంట.

అమీర్‌పేటకొస్త. పాత ప్రోగ్రాములల్ల సంవత్సరాన్ని రెండంకెలతోని రాసిండ్రు, 99 తర్వాత 00 వస్తే కంప్యూటర్ 1900 అనుకుంటదని భయం. వాటిని సరిచేయ కోబాల్ వచ్చినోళ్లు కావాలె. 1998ల అమెరికా హెచ్-1బీ వీసాలను 65,000 నుంచి 1,15,000కు, 2000ల చేసిన చట్టంతోని 1,95,000కు పెంచింది. 1998 నవంబర్‌లనే మాదాపూర్‌ల సైబర్ టవర్స్ తెరిచిండ్రు. ఈ గల్లీలకు గిరాకీ అట్ల పెరిగింది.

ఎవరు పోయిండ్రు? చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో 2007ల 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం రాసిండు. కోస్తా వ్యవసాయ మిగులు, కట్నం ఈ చదువుకు పెట్టుబడి ఎట్లయినయో అందుల ఉన్నది. మా నాయినకు అమ్మెతందుకు ఎకరం లేదు.

మనోళ్లు ఆలస్యంగ వచ్చిండ్రు. ఎస్సీ స్కాలర్‌షిప్ 1944ల మొదలైంది, అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌ల ఉన్న కాలం. 2008 ప్రాంతంల ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలల్లకు మన పిల్లలు గుంపులుగ పోయిండ్రు. అప్పటికి డిగ్రీ ఒక్కటే చాలదన్నరు, అమీర్‌పేట కోర్సు కావాలన్నరు. గేటు జరుగుతనే ఉంటది.

నిజం చెప్పాలె, ఆ క్లాసు నేను చదివిన యూనివర్సిటీకన్న తెరిచిన తలుపు. మార్కులడగలే, వయసడగలే. సారు సగం తెలుగుల చెప్పిండు. ఫీజు కూడ మరీ ఎక్కువ కాదు. మూడు నెలల గది కిరాయి, తిండి, ఇంటికి కూలి రాకపోవుడు, అదీ అసలు ఫీజు. దాని తర్వాత రెఫరల్. కంపెనీ లోపల ఉన్న బావనో కజినో పేరు పంపాలె. ప్రైవేటుల రిజర్వేషన్ లేదు గాని ఇది ఉన్నది. లోపలికి పోయినంక ఏమైతదో ఇంకో కథ. 2020 జూన్‌ల కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద కులవివక్ష దావా వేసింది. కంపెనీ ఒప్పుకోలే, 2023ల ఇద్దరు మేనేజర్ల మీది కేసును శాఖ వాపస్ తీసుకున్నది. దాని మీద ఒక భాగం వేరే రాస్త.

కాలేజీ తెరిచిండ్రు, నేను వాపస్ వచ్చిన. పెద్దేముల్ పిల్లగాడు ఏడాది ఇంటర్వ్యూలు తిరిగిండు. మొన్న ఫోన్ చేసిండు. తాండూరుల బండల పాలిషింగ్ యూనిట్‌కు వెబ్‌సైట్ చేస్తున్నడట, ఎనిమిది వేలకు. "సార్, తెలుగు పెడితే పిచ్చి గుర్తులొస్తున్నయి. ఒకసారి రాండ్రి."

ఆదివారం పోయిన. పైన యూటీఎఫ్-8 అని చెప్పే లైన్ మరిచిండు. అది రాసి పేజీ మళ్ల తెరిచిండు. మొదలు యజమాని పేరొచ్చింది, దాని కింద బండల రేట్లు.