ఖాళీ జాగాకి ఒక చట్టం

మన సాహిత్యంలో భూమి అంటే చాలావరకు పొలమే. 'మా భూమి' నాటకం (1947) నుంచి ఈమధ్య వచ్చిన రైతు కథల దాకా భూమి చుట్టూ కనిపించేది దున్నేవాడు, కౌలుదారు, దొర. కానీ మాలాంటి ఉద్యోగస్తుల ఇళ్ళల్లో జరిగే భూమి తగాదాలన్నీ ప్లాటు గురించే. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడుగు, నాలుగు హద్దు రాళ్ళు. దీనికీ ఒక చరిత్ర వుంది. చదివేవాళ్ళే తక్కువ.

నేను చదవడానికి కారణం సొంత అవసరమే. హైదరాబాదుకి తూర్పున, అప్పటికి ఊరి బయట, నాన్న 1991లో ఒక ప్లాటు కొన్నాడు. 266 గజాలు. ఇల్లు కట్టకుండానే పోయాడు. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యాలో అమ్మా, అక్కా, నేనూ తేల్చుకోవాలి. కాగితాలు తిరగేస్తుంటే దస్తావేజు వెనక, అర్బన్ సీలింగు గురించి అమ్మినాయన ఇచ్చిన డిక్లరేషన్ ఒకటి కనపడింది. సర్కారుకి ఈ జాగాతో ఏం పని అని అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.

కథ 1972లో మొదలవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, మండలి రెండూ ఒక తీర్మానం చేశాయి: పట్టణాల్లోని స్థిరాస్తి మీద పరిమితి పెడుతూ పార్లమెంటు చట్టం చెయ్యాలి అని. భూమి రాష్ట్రాల విషయం కాబట్టి రాష్ట్రాలు అడిగితేనే కేంద్రం చట్టం చెయ్యగలదు. అదే ఏడాది ఖాళీ స్థలాల అమ్మకాలు ఆపుతూ రాష్ట్రం తనే ఒక చట్టం తెచ్చింది. పార్లమెంటు చట్టం 1976 ఫిబ్రవరి 17న అమల్లోకి వచ్చింది, ఎమర్జెన్సీ రోజుల్లో.

ఇక్కడొక తేడా గమనించాలి. అసెంబ్లీ అడిగింది స్థిరాస్తి మీద పరిమితి. అందులో మేడలూ వస్తాయి. వచ్చిన చట్టం మాత్రం ప్రధానంగా ఖాళీ జాగాని లెక్కపెట్టింది. అంటే పది మేడలున్నవాడి మేడల జోలికి పోలేదు. ఖాళీగా ఉండటమే నేరమైంది. నాకు ఈ చట్టం మొత్తంలో ముఖ్యమైన మలుపు ఇదేననిపిస్తుంది.

ఇక లెక్కలు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో మనిషికి 500 చదరపు మీటర్లు. హైదరాబాదు రెండో తరగతి, 1,000 చదరపు మీటర్లు. గజాల్లో చెప్పాలంటే 1,196, అంటే మా ప్లాటులాంటివి దాదాపు నాలుగున్నర. అంతకు మించితే సర్కారు తీసుకుంటుంది. హైదరాబాదు తరగతిలో పరిహారం చదరపు మీటరుకి పది రూపాయలు దాటకూడదు. ఆ రేటున మా ప్లాటంత జాగాకి వచ్చేది 2,230 రూపాయలు. ఎంత భూమి పోయినా మొత్తం రెండు లక్షలకి మించి ఇవ్వరు. పరిమితిలోపు ఖాళీ జాగా వున్నవాళ్ళు కూడా అమ్మేముందు నోటీసివ్వాలి. కొనే మొదటి హక్కు సర్కారుది. అరవై రోజుల్లో కొనకపోతేనే ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

ఉద్దేశం మంచిదే. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదు, దాని మీద సట్టా వ్యాపారం నడవకూడదు, అందరికీ అందాలి. జరిగింది వేరు. దేశం మొత్తం మీద మిగులని తేల్చిన భూమి 2,20,674 హెక్టార్లు. నిజంగా స్వాధీనమైంది 19,020. నూటికి తొమ్మిది కూడా కాదు. మిగతాది మినహాయింపుల్లో, కోర్టుల్లో ఇరుక్కుపోయింది. అటు సర్కారుకి రాలేదు, ఇటు మార్కెట్లోకీ పోలేదు. ఖాళీని తగ్గించాలని చేసిన చట్టం కిందే భూములు ఏళ్ళ తరబడి ఖాళీగా పడున్నాయి.

1999లో కేంద్రం దాన్ని రద్దుచేసింది. మన రాష్ట్రం ఆ రద్దుని 2008 మార్చిలో గానీ ఒప్పుకోలేదు. అదీ నగరాభివృద్ధికి కేంద్రం ఇచ్చే నెహ్రూ మిషన్ నిధులకి ఈ రద్దు ఒక షరతు కావడం వల్ల. దాంతో ఖాళీ నేరం కాకుండా పోయింది. తర్వాత సర్కారు అడిగే ప్రశ్న కూడా మారింది. నీ దగ్గర ఎంత జాగా వుంది అని కాదు, నీ లేఅవుటుకి అనుమతి వుందా అని. 2020లో తెలంగాణలో ఎల్.ఆర్.ఎస్. కింద క్రమబద్ధీకరణకి వచ్చిన దరఖాస్తులు పాతిక లక్షలకి పైనే. అందులో మాదొకటి. వెయ్యి రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లో నేనే పెట్టాను. గ్రామపంచాయతీ లేఅవుటు మరి.

ఈ యాభై ఏళ్ళలో ఒక ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. ఎంత, ఎవరిది, అనుమతి వుందా అన్నారు గానీ, ఎన్నాళ్ళుగా ఖాళీగా వుంది అనలేదు. ఖాళీ జాగా పన్ను వుంది నిజమే. కానీ ధర పెరిగే చోట ఆ పన్ను ఎవర్నీ కదిలించదు. అందుకే మా కాలనీలో నిండిన ఇళ్ళ మధ్య వయ్యారిభామ మొక్కలతో, చెత్తకుప్పలతో ప్లాట్లు ఇంకా మిగిలే వున్నాయి. వాటి ఓనర్లు దుర్మార్గులేం కాదు. పెన్షన్ లేని ఇళ్ళల్లో ప్లాటే పెన్షన్. ఆడపిల్ల పెళ్ళికీ, ఆపరేషన్‌కీ అదే. 1976 చట్టానికి సట్టా వ్యాపారిగా కనిపించిన మనిషి చాలాసార్లు బ్యాంకుని నమ్మని ఒక గుమస్తానో, బడిపంతులో.

మా అక్కకి అమ్మడమే సబబనిపిస్తోంది. మేనకోడలి చదువు ముందుంది, ఆ లెక్క తప్పని నేననలేను. నాకు కట్టాలని వుంది, రెండు పోర్షన్లు, అద్దెకి. ఎవరో పెట్టుబడికి కొని మళ్ళీ ఇరవయ్యేళ్ళు తుప్పల పాలు చేస్తే ఏం లాభం? అమ్మేవాడికి, కొన్నవాడు కట్టి తీరాలని షరతు పెట్టే దారి లేదు. అమ్మ ఒక్క మాటే అంది: "మీ నాన్న ఇల్లు కట్టుకుందామని కొన్నాడు, దాచుకుందామని కాదు."

అక్క వాటా డబ్బు నేను రెండు దఫాలుగా ఇస్తానన్నాను. ఇప్పటి మార్కెట్ ధరకి లెక్కకట్టమంది. న్యాయమే. ఆ ధర ఎంతో తెలుసుకోవడానికి వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.