రామ్‌నగర్‌లో 11 నెలలు

ఏడాదికి దాదాపు 4,000 రూపాయల పన్ను కట్టే ఊరిని ఒక్కసారిగా 40,000 కట్టమన్నారు. చీరాల-పేరాల ఉద్యమానికి మొదలు అదే. అప్పటి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో, సముద్రానికి దగ్గరగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఊళ్ళవి. జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిపి వీటిని చీరాల యూనియన్ అనేవారు. అంతా కలిపితే 15,000 జనాభా. 1919లో మద్రాసు ప్రభుత్వం ఆ యూనియన్‌ను మునిసిపాలిటీగా మార్చింది. పేరు మారినందుకు పన్ను పదిరెట్లయింది.

ఆ పన్ను ఎవరి మీద పడిందో చూడాలి. చీరాల నేతగాళ్ళ ఊరు. నూలును నూనెలో నానబెట్టి, చిటికీ కట్టి, రంగులద్ది నేసిన చీరాల రుమాళ్ళు అరబ్బు దేశాల దాకా వెళ్ళేవి. సరుకుకు పేరున్నా నేసినవాడి ఇంట్లో మిగిలేది తక్కువ. ఆసు పోసేది ఇల్లాలు, కండెలు చుట్టేది పిల్లలు, మగ్గంలో కూర్చునేది ఇంటాయన. ఇంటిల్లిపాదీ కష్టపడితే గాని పూట గడవని బతుకులు. మిగతావాళ్ళలో ఎక్కువమంది చిన్న రైతులు, కూలీలు. మునిసిపాలిటీ కావాలని వీళ్ళెవరూ అడగలేదు. వద్దని అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు.

అప్పుడు ఊరు తనకు తెలిసిన మార్గాలన్నీ ఒక్కొక్కటిగా తొక్కింది. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతగాడైన అధికారిని పెట్టి పాలన నడిపించింది. జనం పన్ను కట్టడం మానేశారు. అందుకు 12 మందిని జైలుకు పంపారు. ఆ పన్నెండుగురిలో ఒక స్త్రీ ఉంది. పేరు రావూరి అలమేలుమంగమ్మ. గాంధీ పిలుపుతో ఆడవాళ్ళు వేలాదిగా జైళ్ళకు వెళ్ళిన ఉప్పు సత్యాగ్రహానికి అది దాదాపు పదేళ్ళ ముందటి మాట. ముందు నడిచినవాళ్ళు బహు కొద్దిమందే ఉన్న దారిలో ఆమె వెళ్ళింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

ఈ పోరాటానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ పుస్తకం 1917లో అచ్చయింది. ఆ చదువుతో ఏ కాలేజీలోనైనా సుఖంగా స్థిరపడగలిగేవాడు. ఆయన మాత్రం చీరాలలో రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారుచేస్తూ కూర్చున్నాడు. అందులో దాదాపు వెయ్యిమంది. భజనలూ పాటలూ వాళ్ళ ఆయుధాలు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు, గాంధీని చూడటానికి విరగబడిన జనాన్ని అదుపులో పెట్టినవాళ్ళు ఈ రామదండు వాళ్ళే.

అక్కడినుంచి ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. ఆయన రెండు దారులు చూపించాడు. ఊళ్ళోనే ఉండి, చెయ్యెత్తకుండా, జప్తులూ జైళ్ళూ భరిస్తూ పన్ను నిరాకరించడం మొదటిది. మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్ళిపోవడం రెండోది. హద్దుల్లో మనిషే లేకపోతే మునిసిపాలిటీ పన్ను ఎవరిని అడుగుతుంది? అయితే దానికొక గట్టి షరతు పెట్టాడు. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించవద్దు, మీ బలం మీద మీరు నిలబడగలిగితేనే పూనుకోండి అన్నది ఆ షరతు.

ఊరు రెండో దారి పట్టింది. 13,000 మందికి పైగా ఇళ్ళు విడిచి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త వాడకు రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఎండలు ముదిరే రోజుల్లో జరిగింది ఇది. ఇల్లు వదలడం ఎవరికైనా కష్టమే, నేతగాడికి మరీ కష్టం. గుంట మగ్గం నేలలో పాతుకుని ఉంటుంది. అచ్చు, పలక, దోనె విప్పుకుని మోసుకుపోవచ్చు గాని గుంటను మోసుకుపోలేం. కొత్తచోట మళ్ళీ తవ్వాలి, మళ్ళీ రాట పాతాలి. పడుగు బారుగా పరిచి గంజి పెట్టడానికి వీధంత జాగా కావాలి. తాటాకు పాకలో చినుకు పడితే గుంటలోకి నీళ్ళు దిగుతాయి, నూలు చెమ్మగిల్లుతుంది, పని ఆగుతుంది. పని ఆగిన రోజు కూలి లేదు. కోస్తాలో వానలు ఒక్క నైరుతితో అయిపోవు, కార్తీకం దాకా తుఫాను భయం ఉండనే ఉంటుంది. వేసవి, వానలు, చలి, మూడు కాలాలూ ఆ జనం పాకల్లోనే వెళ్ళదీశారు. అక్కడే పురుళ్ళు పోసుకుని ఉంటారు, అక్కడే పెద్దలను సాగనంపి ఉంటారు.

లెక్క వేసి చూస్తే, పాకలకూ పోయిన పనికీ అయిన నష్టం, కట్టనన్న పన్నుకంటే తక్కువ ఉండదు. ఆ లెక్క తెలియనంత అమాయకులు కారు వాళ్ళు. రూపాయి రూపాయికీ మూరల్లో లెక్క కట్టుకునే వృత్తి వాళ్ళది. మమ్మల్ని అడక్కుండా మా మీద భారం వేయడానికి మీరెవరన్నదే వాళ్ళ పట్టుదలకు మూలం. ఆ ప్రశ్నను తమ ఇళ్ళను పణంగా పెట్టి అడిగారు.

వసతులకు డబ్బు కావాల్సి వచ్చింది. చందాలు పోగుచేయడానికి గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళాడు. సభల్లో మాట్లాడకూడదని అక్కడ ఆయన మీద నిషేధం విధించారు. ఆయన దాన్ని పాటించలేదు. ఏడాది జైలుశిక్ష వేసి తిరుచినాపల్లి పంపారు. నాయకుడు దూరమైనా రామ్‌నగర్ వెంటనే చెదరలేదు. కాని చేతిలో డబ్బు అయిపోయింది, కొత్తగా వచ్చే దారి లేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీ శాసనోల్లంఘన కార్యక్రమాన్నే నిలిపివేశాడు. 11 నెలల తరువాత జనం తాళాలు తీసుకుని పాత ఇళ్ళలోకి వెళ్ళారు. కోరింది దక్కకుండానే వెళ్ళారు.

దీన్ని ఓటమిగా రాసి వదిలేసిన చరిత్రలున్నాయి. ఆ తీర్పు తొందరపాటు. అదే గుంటూరు జిల్లాలో 1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమిశిస్తు కట్టబోమని ఎదురు నిలిచారు. పల్నాడులో పుల్లరి (అడవిలో పశువులను మేపుకున్నందుకు వేసే పన్ను) కట్టబోమన్న పోరాటంలో కన్నెగంటి హనుమంతు ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. వాటి కారణాలు వాటికున్నా, అదే జిల్లాలో ఓ ఊరు ఊరంతా పన్ను కాదని పాకల్లో బతుకుతోందన్న సంగతి ఈ పల్లెలకు తెలియనిది కాదు.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య ఎక్కువకాలం బతకలేదు. క్షయతో, పేదరికంలో, 1928 జూన్ 10న కన్నుమూశాడు. అప్పటికి 39 ఏళ్ళు. జనం ఆంధ్రరత్న అని పిలుచుకున్న ఆయన పేరుతో విజయవాడలో కాంగ్రెస్ కార్యాలయ భవనం ఉంది. రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్న 13,000 మందిలో మనకు తెలిసిన పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. వాళ్ళ మునిమనవలు కొందరు ఇంకా చీరాల, జాండ్రపేటల్లో మగ్గాల మీదే ఉన్నారు. అవ్వతాతల నోట విన్న ముక్కలు ఆ ఇళ్ళలో మిగిలి ఉండగానే ఎవరైనా గడప గడపా తిరిగి రాసిపెట్టుకోవాలి.