మనవాళ్లు వదిలేసిన శశాంక్

2023 డిసెంబరు 19, మంగళవారం. మన గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. దుబాయ్‌లోని కోకా-కోలా అరీనాలో మల్లికా సాగర్ సుత్తి చేతపట్టుకుని వేదికెక్కారు. ఐపీఎల్ వేలం దేశం దాటి జరగడం అదే మొదటిసారి. ఒక మహిళ దాన్ని నడపడమూ అదే మొదటిసారి. పది జట్ల బల్లల్లో ఒకదాని దగ్గర సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున కావ్య మారన్ కూర్చున్నారు. ఆ జట్టు చేతిలో 34 కోట్లున్నాయి, ఆరు ఖాళీలున్నాయి. అంతకుముందు సీజన్‌లో పట్టికలో అట్టడుగున పదో స్థానంలో నిలిచిన అవమానమూ ఉంది.

సరిగ్గా అదే సమయానికి రాయ్‌పూర్‌లో, వ్యాగన్ రిపేర్ షాపు కాలనీలోని ఓ ఇంట్లో టీవీ ముందు ముగ్గురు చేరారు. షాపులో పనిచేసి రిటైరైన మావయ్య, రాత్రి డ్యూటీ చేసి నిద్ర మానుకుని వచ్చిన బావ, కాలేజీ ఎగ్గొట్టిన మేనల్లుడు. ఆ వేళ ఆ ఊరి తెలుగు ఇళ్లలో నడిచిన వాదనలను ఈ ఒక్క గదిలోకి కుదించి చెబుతున్నాను. పేర్లు పెట్టడం లేదు.

రాయ్‌పూర్‌లో సన్‌రైజర్స్ అభిమానులేమిటని ఎవరైనా అడగవచ్చు. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మనుషులు ఆ పట్టాల వెంట రైల్వే పనికి, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి, వ్యాపారానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. మూడో తరం పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు మాట్లాడతారు. పైగా సన్‌రైజర్స్‌ను వాళ్లు టీవీలోనే కాదు, కళ్లారా చూశారు. ఢిల్లీ జట్టు కొన్ని మ్యాచ్‌లను నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో ఆడేది. 2015 మేలో అక్కడ ఢిల్లీపై మనవాళ్లు 6 పరుగులతో గెలిచారు. మరుసటి ఏడాది మే 20న చివరి బంతికి ఓడారు. భువనేశ్వర్ వేసిన ఆఖరి రెండు బంతుల్నీ కరుణ్ నాయర్ ఫోర్లు కొట్టాడు. తొమ్మిది రోజుల తర్వాత బెంగళూరులో అదే సన్‌రైజర్స్ కప్పు ఎత్తింది.

ఇక వేలం దగ్గరికి వద్దాం. మొదటి సెట్‌లోనే హ్యారీ బ్రూక్ పేరు వచ్చింది. 13.25 కోట్లు పోసి కొని, ఒక్క సెంచరీ చూసి, సన్‌రైజర్స్ వదిలేసిన ఆటగాడు. ఢిల్లీ 4 కోట్లకు తీసుకుపోయింది.

"అమ్మయ్య, ఒక బరువు దిగింది" అన్నాడు బావ. "ఇప్పుడు ముందుగా స్పిన్నర్ని చూసుకోవాల. రషీద్ ఖాన్ పోయిన కాడి నుంచి మధ్య ఓవర్లలో మనకి దిక్కు లేదు."

"స్పిన్నరు తర్వాత బావా. ఓపెనర్ ఏడీ?" మేనల్లుడు అన్నాడు.

అంతలో ట్రావిస్ హెడ్ పేరు చదివారు. గది బిగుసుకుపోయింది. నవంబరు 19న అహ్మదాబాద్‌లో భారత్, ఆస్ట్రేలియాల ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. హెడ్ 137 కొట్టి కప్పు లాక్కుపోయి ఆ రోజుకి సరిగ్గా నెల.

"ఒద్దు" అన్నాడు మావయ్య. "మన కడుపు కొట్టినోడికి మనమే డబ్బులిచ్చి తెచ్చుకోవడం ఏటిరా?"

"మావయ్యా, కడుపు కొట్టగలిగినోడు కాబట్టే కావాలి. ఇంకోడి జట్టులో ఉంటే మళ్లీ మనకే కొడతాడు."

చెన్నై పోటీకి వచ్చింది. 6.80 కోట్ల దగ్గర సుత్తి పడింది. హెడ్ మనవాడయ్యాడు. బావ కుర్చీలోంచి లేచి ఒక చుట్టు తిరిగి వచ్చి కూర్చున్నాడు. హసరంగ కోటిన్నరకు దొరికినప్పుడు మాత్రం ముగ్గురూ ఒక్కటయ్యారు. బావ కోరిన స్పిన్నరు చవగ్గా వచ్చాడు.

ప్యాట్ కమిన్స్ దగ్గర మళ్లీ చీలిపోయారు. తొంభై వేలమందికి పైగా ఉన్న అహ్మదాబాద్ స్టేడియం నోరు మూయించిన ఆస్ట్రేలియా కెప్టెన్ అతను. రెండు కోట్ల దగ్గర మొదలైంది. చెన్నై, ముంబై, బెంగళూరు... ఒక్కొక్కరూ వచ్చి తప్పుకుంటున్నారు. కావ్య మారన్ మాత్రం పలక దించడం లేదు. పది దాటింది. పదిహేను దాటింది. "ఆపమ్మా, ఇక ఆపు" అని మావయ్య టీవీతో మాట్లాడుతున్నాడు. ఐపీఎల్‌లో అప్పటిదాకా ఎవరికీ పలకని ధర, 20.50 కోట్లకు సుత్తి పడింది. కాసేపటికే కోల్‌కతా 24.75 కోట్లకు పేసర్ స్టార్క్‌ను కొని ఆ రికార్డునూ చెరిపేసింది.

"ఆ డబ్బుతో నలుగుర్ని కొనొచ్చు" అన్నాడు మావయ్య.

"నలుగురు బౌలర్లు దొరుకుతారు మావయ్యా. కెప్టెన్ దొరకడు" అన్నాడు మేనల్లుడు.

చీకటి పడింది. పేర్లు గబగబా దొర్లిపోయే దశ వచ్చింది. కనీస ధర 20 లక్షల కుర్రాళ్లు, ఎవరికీ ముఖం తెలియని పేర్లు. చాలామంది టీవీ కట్టేసేది అప్పుడే. నా మాట అడిగితే వేలంలో అసలైన పరీక్ష మొదలయ్యేది కూడా అప్పుడే. కమిన్స్ గొప్పవాడని తెలుసుకోవడానికి ఏ జట్టుకూ ప్రత్యేకమైన కన్ను అక్కర్లేదు. డబ్బుంటే చాలు. ఇరవై లక్షలవాడి విలువ తెలియాలంటే ఎవరో ఒకరు ఎండలో కూర్చుని అతని ఆట చూసి ఉండాలి.

"శశాంక్ సింగ్" అని వినబడింది.

మేనల్లుడు మోకాళ్ల మీద లేచాడు. "మనోడు! తియ్యండి, తియ్యండి!"

అతను ఆ మాట అనడానికి రెండు కారణాలున్నాయి. శశాంక్ 1991లో భిలాయ్‌లో పుట్టాడు. ముంబైలో ఆట నేర్చుకుని, అక్కడి పోటీలో నిలదొక్కుకోలేక, ఛత్తీస్‌గఢ్ జట్టుకు వచ్చి 28 ఏళ్ల వయసులో తొలి రంజీ ఆడాడు. 2017 సీజన్‌కు ఢిల్లీ, 2019 సీజన్‌కు రాజస్థాన్ కొన్నాయి. ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. ఐపీఎల్‌లో అతన్ని మొదట మైదానంలోకి దింపింది మన సన్‌రైజర్సే, 2022లో. ఏప్రిల్ 27న వాంఖడేలో గుజరాత్‌పై అతను ఆడింది ఆరు బంతులు, చేసింది 25 పరుగులు. లాకీ ఫెర్గూసన్ లాంటి వేగం ఉన్నవాడిని వరసగా మూడు సిక్సర్లు కొట్టాడు. ఆ మ్యాచ్ ఆఖరి ఓవర్లో మనం ఓడాం. సీజన్ అయ్యాక శశాంక్‌ను వదిలేశాం. 2023లో అతను ఏ జట్టులోనూ లేడు.

రెండో కారణం ఇంకా తాజాది. వేలానికి కొద్ది వారాల ముందు విజయ్ హజారే ట్రోఫీలో మణిపూర్ మీద శశాంక్ 113 బంతుల్లో 152 కొట్టి, అదే మ్యాచ్‌లో ఐదు వికెట్లు తీశాడు. ఒకే వన్డే తరహా మ్యాచ్‌లో నూటయాభై, ఐదు వికెట్లు రెండూ సాధించిన భారతీయుడు అంతకుముందు లేడు.

"మణిపూర్ మీద గదేటి" అని బావ తీసిపారేశాడు. "ముప్పై రెండేళ్లోడు. ఇంకేం ఎదుగుతాడు?"

సన్‌రైజర్స్ పలక లేవలేదు. పంజాబ్ ఒక్కటే ఎత్తింది. రెండో మాట లేదు. 20 లక్షలకు సుత్తి పడింది.

ఆ తర్వాత జరిగింది ఐపీఎల్ చరిత్రలో అరుదైన సన్నివేశం. పంజాబ్ బల్ల దగ్గర తలలు దగ్గరయ్యాయి. కాగితాలు తిరగేశారు. సహ యజమానులు ప్రీతి జింటా, నెస్ వాడియా ముఖాల్లో అయోమయం. తాము అనుకున్న ఆటగాడు ఇతను కాదన్నట్టు వేదికకు చెప్పారు. జాబితాలో శశాంక్ సింగ్ అనే పేరుతో ఇద్దరున్నారు. మల్లికా సాగర్ మర్యాదగానే, కానీ గట్టిగానే జవాబిచ్చారు: పేరు చదివాం, సుత్తి పడింది, ఇక వెనక్కి పోదు. పంజాబ్ తలూపింది.

ఇదంతా కోట్లమంది చూస్తుండగా జరిగింది. ఒక మనిషిని కొన్నాక, ఇతను కాదని అందరి ముందూ అనడం. రాయ్‌పూర్ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సన్‌రైజర్స్ సంగతి ఆ క్షణాన పక్కకు పోయింది. ఛత్తీస్‌గఢ్‌లో బతుకుతున్నవాళ్లకు అది సొంత ఇంటి అబ్బాయికి జరిగిన అవమానం.

"పాపం రా" అన్నాడు మావయ్య. "ఆడి తల్లి చూస్తంటాది గదా."

మర్నాడు పంజాబ్ ఒక ప్రకటన ఇచ్చింది. శశాంక్ మొదటి నుంచీ తమ జాబితాలోనే ఉన్నాడని, ఒకే పేరుతో ఇద్దరు ఉండటం వల్లే గందరగోళమని. శశాంక్ రోషపడలేదు. ఫరవాలేదని, తనను నమ్మినందుకు కృతజ్ఞతలని బదులిచ్చాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. బ్యాటు పట్టింది ఇంకా తర్వాత.

2024 ఏప్రిల్ 4, అహ్మదాబాద్. గుజరాత్‌పై 200 కొట్టాలి. నాలుగు వికెట్లు పడ్డాక వచ్చిన శశాంక్ 29 బంతుల్లో 61 చేసి, ఒక బంతి మిగిలి ఉండగా నాటౌట్‌గా గెలిపించాడు.

ఐదు రోజులకే, ఏప్రిల్ 9న, ముల్లన్‌పూర్‌లో పంజాబ్, సన్‌రైజర్స్ ఎదురుపడ్డాయి. కాలనీలో మళ్లీ అదే గది, అదే ముగ్గురు. ఈ మ్యాచ్ గురించి నేను కాస్త ఎక్కువ చెప్పాలి. మొదట మన బ్యాటింగ్. హెడ్, మార్క్రమ్, అభిషేక్ తొందరగా వెళ్లిపోయారు. నిలబడ్డది విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 37 బంతుల్లో 64. అతన్ని కూడా సన్‌రైజర్స్ కొన్నది 20 లక్షలకే. 182 దగ్గర మన ఇన్నింగ్స్ ఆగింది.

పంజాబ్ ఆఖరి ఓవర్‌కు 29 కావాలి. బంతి మన ఉనద్కత్ చేతిలో. క్రీజులో శశాంక్, అశుతోష్ శర్మ.

"అయిపోయింది" అన్నాడు బావ.

మొదటి బంతి ఫీల్డర్ చేతులకు తగిలి సిక్స్ అయింది. రెండు వైడ్లు. ఇంకో సిక్స్. బావ మాట పడిపోయింది. రెండేసి పరుగులు, మళ్లీ వైడ్, ఒక క్యాచ్ నేలపాలు. చివరి బంతికి తొమ్మిది కావాలి, అంటే గెలుపు మన చేతికొచ్చేసింది. ఆ బంతిని శశాంక్ సిక్స్ కొట్టాడు. 25 బంతుల్లో 46 నాటౌట్. రెండు పరుగుల తేడాతో మనం గెలిచాం.

మేనల్లుడు గెలుపుకి చప్పట్లు కొట్టాడు, ఆ చివరి సిక్స్‌కీ కొట్టాడు. "ఇప్పుడు చెప్పు బావా. ఇద్దరూ ఇరవై లక్షలోళ్లే. ఒకడు మన దగ్గరున్నాడు కాబట్టి గెలిచాం. రెండోవాణ్ణి వదిలేశాం కాబట్టి ఇంత దాకా వచ్చింది."

బావ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పించింది ఏప్రిల్ 26. ఈడెన్‌లో కోల్‌కతా 261 కొట్టింది. పంజాబ్ ఆ కొండ దాటేసింది. బెయిర్‌స్టో సెంచరీ చేస్తే, శశాంక్ 28 బంతుల్లో 68 నాటౌట్. సీజన్ ముగిసేసరికి అతని పరుగులు 354.

హెడ్, కమిన్స్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ మేనల్లుడి మాటే నిజమైంది. ముంబై మీద 277, బెంగళూరు మీద 287, హెడ్ సెంచరీ, ఏడాది ముందు పదో స్థానంలో ఉన్న జట్టు ఫైనల్ దాకా నడవడం. మే 26న చెన్నైలో మాత్రం 113కే కుప్పకూలి కోల్‌కతాకు కప్పు అప్పగించాం. మొదటి ఓవర్లోనే అభిషేక్ వికెట్లు గిరాటేసింది 24.75 కోట్ల స్టార్క్. పెద్ద ధరలు ఊరికే పోవు, ఆ మాట మావయ్య కూడా ఒప్పుకున్నాడు.

కానీ చిన్న ధరల్లో జట్లు చూపే అజాగ్రత్త నన్ను బాధపెడుతుంది. ఆ ఇరవై లక్షలవాళ్లిద్దరూ ఏమయ్యారో చూడండి. 2024 అక్టోబరు 31న పంజాబ్ మెగా వేలానికి ముందు ఇద్దర్నే అట్టిపెట్టుకుంది. ఒకడు ప్రభ్‌సిమ్రన్, రెండోవాడు 5.5 కోట్లకు శశాంక్. అదే రోజు సన్‌రైజర్స్ 6 కోట్లకు నితీశ్‌ను ఉంచుకుంది. 2025 జూన్ 3న అహ్మదాబాద్ ఫైనల్లో బెంగళూరు మీద ఆఖరి ఓవర్‌కు పంజాబ్‌కి 29 కావాలి. హేజిల్‌వుడ్ మొదటి రెండు బంతులూ ఖాళీ. మిగతా నాలుగింటికి శశాంక్ 6, 4, 6, 6 కొట్టాడు. ఆరు పరుగులతో ఓడారు. 61 నాటౌట్‌గా అతను నడిచి వచ్చాడు.

ఇలాంటివాణ్ణి మన జట్టు ఏడాది పాటు దగ్గర ఉంచుకుని, వదిలేసింది. ఆరు బంతుల్లో 25 కొట్టినప్పుడే అతనేమిటో కనిపించింది. పది మ్యాచ్‌లలో 69 పరుగులన్న అంకె చూసి తీర్పు చెప్పేశారు. ఏ స్థానంలో దింపారు, ఎన్ని బంతులు మిగిల్చారు అన్నది ఆ అంకెలో ఉండదు. ఆటను చూసినవాడికే తెలుస్తుంది. వేలం బల్ల దగ్గర కూర్చున్నవారు చేసిన ఈ తప్పే టీవీ ముందు కూర్చున్న మనమూ చేస్తాం. మణిపూర్ మీద కొట్టాడంటే పెదవి విరుస్తాం, అసలు ఆ మ్యాచ్ ఎలా సాగిందో అడగం.

రాయ్‌పూర్ తెలుగువారికి నాదొక విన్నపం. శీతాకాలంలో ఛత్తీస్‌గఢ్ జట్టు సొంత మైదానంలో రంజీ ఆడుతుంది. స్టాండ్లన్నీ ఖాళీగా ఉంటాయి. ఒక్క పూట వెళ్లి కూర్చోండి, పిల్లల్ని తీసుకెళ్లండి. విశాఖ, విజయనగరం, ఉప్పల్‌లలో ఉన్నవారికీ ఇదే చెబుతున్నాను. వచ్చే డిసెంబరులో ఎవర్ని కొనాలని వాదించుకునేటప్పుడు, కనీస ధర జాబితాలో ఒక్క పేరైనా మీరు కళ్లారా చూసినవాడిదై ఉండాలి.