లారీ మానిఫోల్డ్ మారుస్తున్నారా? హెడర్ మంచిదా, బీడు మంచిదా? కొనేముందు ఇవి తప్పక చూసుకోండి

జమ్మికుంట: పత్తి సీజన్ మొదలైందంటే జమ్మికుంట రోడ్ల మీద లారీలదే హవా. మార్కెట్ యార్డు నుంచి జిన్నింగ్ మిల్లులకు పత్తి, మిల్లుల నుంచి దూది బేళ్లు, రైస్ మిల్లుల నుంచి బియ్యం.. ఇలా రోజంతా బండ్లు తిరుగుతూనే ఉంటాయి. వరంగల్ ఏనుమాముల తర్వాత పెద్ద పత్తి మార్కెట్‌గా జమ్మికుంటకు పేరుంది. ఇలాంటి చోట బండి ఒక్కరోజు ఆగినా ఓనర్‌కు కిరాయి పోయినట్టే. అందుకే ఇంజిన్ దగ్గర 'టిక్ టిక్' మని శబ్దం వస్తున్నా "ఈ ట్రిప్పు అయిపోనీ, తర్వాత చూద్దాం" అని నెట్టుకొస్తుంటారు.

కానీ ఆ శబ్దం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలిందనో, ప్యాకింగ్ పోయిందనో చెప్పే సంకేతం కావచ్చు. పత్తి లోడు తిప్పే బండికి ఇది డీజిల్ ఖర్చుతో ఆగిపోయే సమస్య కాదు. అసలు మానిఫోల్డ్ అంటే ఏంటి? వీడియోల్లో కనిపించే పైపుల 'హెడర్లు' మన లారీలకు పనికొస్తాయా? కొత్తది కొనేటప్పుడు ఏం చూడాలి? పూర్తి వివరాలు ఇవీ.

మానిఫోల్డ్, హెడర్.. తేడా ఏంటి?

ఇంజిన్‌లో డీజిల్ మండాక వచ్చే వేడి గాలి ఒక్కో సిలిండర్ నుంచి బయటికొస్తుంది. ఆ గాలినంతా ఒక్కచోట చేర్చి టర్బోకు, అక్కడి నుంచి సైలెన్సర్‌కు పంపే భాగమే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. లారీల్లో ఇది బీడుతో, అంటే పోత ఇనుముతో పోసిన బరువైన ముక్క.

హెడర్ కూడా చేసేది అదే పని. కాకపోతే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో స్టీల్ పైపు వేసి, వాటిని కొంత దూరం తీసుకెళ్లి కలుపుతారు. ఒక సిలిండర్ నుంచి దూసుకెళ్లే గాలి, పక్క సిలిండర్‌లోని గాలిని కూడా లాగుతుంది. దీంతో ఇంజిన్ బాగా ఊపిరి పీలుస్తుంది. అమెరికాలో పెట్రోల్ వీ8 ఇంజిన్లున్న పికప్ ట్రక్కులకు, రేసింగ్ కార్లకు వీటిని ఎక్కువగా వాడతారు. ఇంటర్నెట్‌లో 'ట్రక్ హెడర్స్' అని వెతికితే వచ్చేవి ఎక్కువగా ఇవే.

మన లారీలకు హెడర్ ఎందుకు వద్దు?

ఇప్పుడు రోడ్డు మీదున్న లారీల్లో చాలావరకు టర్బో డీజిల్ ఇంజిన్లే. టర్బో తిరిగేది ఎగ్జాస్ట్ గాలిలో ఉండే వేడి, ఒత్తిడితోనే. పొడవాటి పల్చటి పైపులు వేస్తే ఆ వేడి దారిలోనే బయటికి పోతుంది. టర్బోకు చేరేసరికి గాలిలో బలం తగ్గుతుంది. లోడుతో బండి లేచేటప్పుడు పికప్ తగ్గుతుందన్నమాట.

రెండో సంగతి బరువు. చాలా ఇంజిన్లలో టర్బో మొత్తం మానిఫోల్డ్ మీదే వేలాడుతుంది. బీడు ముక్క ఆ బరువును మోస్తుంది. పల్చటి పైపుల అతుకులు లారీ అదుర్లకు తట్టుకోలేక వెల్డింగ్ దగ్గర పగులుతాయి.

మూడోది స్పీడు. హెడర్ పైపుల పొడవు ఫలానా ఆర్‌పీఎం దగ్గర పనిచేసేలా లెక్కగడతారు. పెట్రోల్ రేసింగ్ ఇంజిన్లు ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతాయి. మన లోడు లారీ మాత్రం ఎక్కువ సేపు 1200 నుంచి 1800 ఆర్‌పీఎం మధ్యే నడుస్తుంది. అంత తక్కువ స్పీడులో హెడర్ లాభం చూపించాలంటే పైపులు చాలా పొడవుండాలి. అందుకు ఇంజిన్ పక్కన చోటే ఉండదు.

టర్బో లేని పాత బండ్లకు హెడర్ వేస్తే కొంత తేడా రావచ్చు. కానీ దాని ఖర్చు, మళ్లీ మళ్లీ పగిలే తలనొప్పి లెక్కేస్తే సరుకు రవాణా బండికి గిట్టుబాటు కాదు. కాబట్టి లారీ ఓనర్ ఆలోచించాల్సింది 'ఏ హెడర్' అని కాదు, 'ఏ మానిఫోల్డ్' అని.

పోయిందని ఎలా తెలుస్తుంది?

- పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గడం. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. తగ్గింది కదా అని రిపేరైపోయినట్టు కాదు.
- హెడ్‌కు, మానిఫోల్డ్‌కు మధ్య నల్లటి మసి చారలు కనిపించడం.
- లోడులో పికప్ తగ్గి, నల్ల పొగ పెరగడం. టర్బోకు చేరాల్సిన గాలి ముందే లీకైతే ఇంజిన్‌కు గాలి తగ్గి, డీజిల్ సరిగా మండదు.
- ఎగ్జాస్ట్ బ్రేక్ వేసినప్పుడు శబ్దం ఎక్కువవడం. ఆ బ్రేక్ వేస్తే గాలి దారి మూసుకుని మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది. వీక్‌గా ఉన్న ప్యాకింగ్ అప్పుడే బయటపడుతుంది.
- క్యాబిన్‌లో పొగ వాసన రావడం.

ఈ చివరి దాన్ని అస్సలు నిర్లక్ష్యం చేయొద్దు. ఎగ్జాస్ట్ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు, వాసన ఉండవు. పొగ వాసన వస్తోందంటే దాంతోపాటు ఇది కూడా లోపలికి వస్తోందనే అనుకోవాలి. లోడింగ్ కోసం రాత్రంతా లైన్లో ఆగి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసుకుని క్యాబిన్‌లో పడుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

పత్తి లోడుకు ఎందుకంత ప్రమాదం?

పూర్తి లోడులో డీజిల్ ఇంజిన్ నుంచి వచ్చే గాలి వేడి టర్బోకు ముందు 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. పత్తి సుమారు 400 డిగ్రీల దగ్గర దానంతటదే అంటుకుంటుంది. నిప్పురవ్వ తగిలితే అంత వేడి కూడా అక్కర్లేదు. యార్డులో, జిన్నింగ్ మిల్లులో గాలికి ఎగిరే దూది ఇంజిన్ చుట్టూ, చాసిస్ సందుల్లో పేరుకుంటుంది. మానిఫోల్డ్ పగులు నుంచి వచ్చే మంట గాలి, మసి రవ్వలు దాన్ని అంటిస్తే నిమిషాల్లో పైనున్న లోడుకు పాకుతుంది. పైగా బేళ్లలో నిప్పు పడితే బయటికి కనిపించకుండా లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పైన నీళ్లు కొట్టి ఆరిందనుకున్నాక మళ్లీ లేస్తుంది.

అందుకే పత్తి తిప్పే బండికి మానిఫోల్డ్ లీక్ ఉంటే లోడు ఎక్కించకముందే బాగు చేయించాలి. ఇంజిన్ చుట్టూ చేరిన దూదిని రోజూ గాలి కొట్టి తీసేయాలి. అదీ ఇంజిన్ చల్లారాకే.

అసలు ఎందుకు పగులుతుంది?

కొత్తది వేసే ముందు పాతది ఎందుకు పోయిందో తెలుసుకోవాలి. లేదంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

బీడు వేడికి సాగుతుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ మానిఫోల్డ్ పొడవు సుమారు 80 సెంటీమీటర్లు అనుకుందాం. 500 డిగ్రీల వేడి పెరిగితే అది దాదాపు 4 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. కానీ అది బిగించి ఉన్న హెడ్ నీళ్లతో చల్లబడుతుంది కాబట్టి అంత పెరగదు. ఈ లాగులాటలో ముందు స్టడ్లు విరుగుతాయి, తర్వాత మానిఫోల్డ్ వంగుతుంది, చివరికి పగులుతుంది. చాలా ఆరు సిలిండర్ల ఇంజిన్లకు మానిఫోల్డ్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదాంట్లో ఒకటి జారేలా పెట్టేది ఇందుకే.

దీనికి మన అలవాట్లు తోడవుతాయి. పంపు పెంచి డీజిల్ ఎక్కువ వదలడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా నడపడం, ఓవర్‌లోడ్.. ఇవన్నీ ఎగ్జాస్ట్ వేడిని పెంచుతాయి. వేడి ఇంజిన్ మీద నీళ్లు కొట్టి వాటర్ సర్వీసింగ్ చేయించినా పగులుతుంది. సైలెన్సర్ పైపు క్లాంపు ఊడిపోతే ఆ పైపు బరువు, అదుర్లన్నీ మానిఫోల్డ్ మీదే పడతాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

1. పార్ట్ నంబర్: లారీ మోడల్ పేరు చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో బీఎస్3, బీఎస్4, బీఎస్6 బండ్లకు వేర్వేరు మానిఫోల్డ్‌లు ఉండొచ్చు. పాత ముక్క మీద పోసిన నంబర్‌ను, ఇంజిన్ నంబర్‌ను ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి.

2. గాలి దారి: ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో సిలిండర్లు 1-5-3-6-2-4 వరుసలో మండుతాయి. అందుకే చాలా మానిఫోల్డ్‌లలో 1, 2, 3 సిలిండర్లకు ఒక దారి, 4, 5, 6 సిలిండర్లకు ఇంకో దారి ఉంటుంది. ఒక సిలిండర్ గాలి ఇంకోదానికి అడ్డు రాదు, టర్బోకు దెబ్బ మీద దెబ్బలా బలం అందుతుంది. మానిఫోల్డ్ నోరు రెండు గదులుగా ఉంటే టర్బో నోరు కూడా అలాగే ఉండాలి. రెండూ కలవకపోతే బోల్టులు సరిపోయినా బండి లాగదు.

3. ఈజీఆర్ రంధ్రం: కొన్ని బీఎస్4, బీఎస్6 ఇంజిన్లలో మానిఫోల్డ్ నుంచి కొంత గాలిని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ ఉంటుంది. దాని రంధ్రం, సెన్సర్ పెట్టే చోటు పాతదాంట్లో ఎలా ఉంటే కొత్తదాంట్లో అలాగే ఉండాలి.

4. లోహం: మామూలు బీడు చవక. సిలికాన్, మాలిబ్డినం కలిపిన డక్టైల్ ఐరన్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, అంత తొందరగా పగలదు. కంపెనీ ఏది వాడిందో అదే రకం తీసుకోండి.

5. లోపలి భాగం: చవక డూప్లికేట్లలో పోత పోసినప్పటి ఇసుక లోపల అంటుకుని ఉండిపోతుంది. అది ఊడి టర్బో చక్రానికి తగిలితే రెక్కలు పాడవుతాయి. మానిఫోల్డ్‌లో మిగుల్చుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు టర్బోకు పెట్టాల్సి వస్తుంది. టార్చ్ వేసి చూడండి, చేత్తో తడమండి.

6. పాత ముక్క అయితే: హైదరాబాద్, విజయవాడ ఆటోనగర్‌ల వంటి చోట్ల సెకండ్ హ్యాండ్ దొరుకుతుంది. కొనేముందు వేలాడదీసి స్పానర్‌తో తట్టండి. గంటలా మోగితే మంచిదే, బొంగురుగా మోగితే పగులు ఉన్నట్టే అనుకోవాలి. ఇంకా అనుమానముంటే కిరోసిన్ పూసి, కాసేపాగి తుడిచి, చాక్‌పీస్ పొడి చల్లండి. పగులు ఉంటే అక్కడ తడి గీత తేలుతుంది.

వెల్డింగ్ చేయిస్తే నడవదా?

బీడును మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. ముక్కను ముందే బాగా వేడి చేసి, నికెల్ రాడ్ వాడి, తర్వాత నెమ్మదిగా చల్లారనిస్తే కొంతకాలం నిలుస్తుంది. వెల్డింగ్ తర్వాత ముఖం వంగుతుంది కాబట్టి లేత్ షాపులో లెవెల్ చేయించాలి. దారిలో చిక్కుకున్న బండిని ఖాళీగా ఇంటికి చేర్చడానికి సరే గానీ, పత్తి లోడు బండికి దాన్ని నమ్ముకోవద్దు.

బిగించేటప్పుడు జాగ్రత్తలు

హెడ్ ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్కలు పూర్తిగా గీకేయాలి. స్టీల్ స్కేల్ ఆనించి, ఫీలర్ గేజ్‌తో వంకర చూడాలి. ప్యాకింగ్ కొత్తదే వేయాలి, సాగిన స్టడ్లను మార్చేయాలి. బోల్టులను మధ్య నుంచి రెండు చివర్లకు, రెండు మూడు విడతలుగా టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి. ఒక ట్రిప్పు తిరిగి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి చెక్ చేయించండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేకుండా భాగాలు మారిస్తే 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికి రూ.10,000 దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ ఉంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ రూల్ ప్రకారం సైలెన్సర్ తప్పనిసరి. కంపెనీ రకం మానిఫోల్డ్ వేసుకుంటే ఈ గొడవేదీ ఉండదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ తర్వాత పొగను శుభ్రం చేసే ఫిల్టర్, యూరియా ద్రావణం వాడే ఎస్సీఆర్ వ్యవస్థ ఉంటాయి. ముందే లీక్ ఉంటే సెన్సర్ల లెక్క తప్పి, వార్నింగ్ లైట్ వెలిగి, ఇంజిన్ పవర్ తగ్గిపోవచ్చు. వీటికి లోకల్‌గా చేసిన ముక్కలు పెట్టకపోవడమే మంచిది.

చవకది కొంటే నిజంగా మిగులుతుందా?

చిన్న లెక్క చూద్దాం. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 750 లీటర్ల డీజిల్ పడుతుంది. లీక్ వల్ల అది 3.8కి పడిపోతే దాదాపు 790 లీటర్లు కావాలి. అంటే నెలకు సుమారు 40 లీటర్లు ఎక్కువ. మంచి మానిఫోల్డ్‌కు, డూప్లికేట్‌కు ఉన్న ధర తేడాను ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోండి. మీ బండి మైలేజీ, ఈ రోజు డీజిల్ రేటు వేసుకుంటే ఎన్ని నెలల్లో తేడా తీరిపోతుందో మీకే తెలుస్తుంది.

సీజన్ మొదలయ్యాక షెడ్డుల్లో రద్దీ ఉంటుంది, పార్టులు దొరకడం లేటవుతుంది. కాబట్టి పత్తి రాకముందే, ఒక పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ దగ్గర నిలబడి రెండు నిమిషాలు వినండి. టిక్ టిక్ వినిపిస్తే లోడు ఒప్పుకునే ముందే మెకానిక్‌కు చూపించండి.