ఉపకార వేతనం.. పొందడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు

రాజమహేంద్రవరం: ఇంటర్‌ గట్టెక్కి డిగ్రీలోనో, ఇంజినీరింగ్‌లోనో సీటు సంపాదించిన పేద విద్యార్థికి అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌, ఉపకార వేతనం మంజూరైతే చదువు సాఫీగా సాగిపోతుంది. దరఖాస్తులో చిన్న పొరపాటు దొర్లినా, హాజరు తగ్గినా, బ్యాంకు ఖాతా నిలిచిపోయినా ఆ భారమంతా కుటుంబంపై పడుతుంది. అర్హతను ఒక్కసారి రుజువు చేసుకుంటే సరిపోదు. కోర్సు ముగిసే వరకూ ఏటా దానిని కాపాడుకోవలసిందే. ఈ సంగతి చాలామందికి రెండో ఏడాదిలో గానీ తెలియడం లేదు. ఈ నేపథ్యంలో డెల్టా విద్యార్థులకు అందుబాటులో ఉన్న పథకాలు, వాటి నిబంధనలపై కథనం.

వారాల నుంచి రీయింబర్స్‌మెంట్‌ దాకా..

గోదావరి తీరాన పేద విద్యార్థికి చేయూత కొత్తేమీ కాదు. పూర్వం రోజుకొక ఇంట వారాలు చేసుకుంటూ చదువు పూర్తి చేసినవారు ఎందరో ఉన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు అండతోనే రాజమండ్రిలో చదువుకున్నారు. కాకినాడలో 1884లో వెలసిన కళాశాలకు పిఠాపురం సంస్థానం బాసటగా నిలిచింది.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం పోస్ట్‌ మెట్రిక్‌ ఉపకార వేతనాలు 1944 నుంచీ ఇస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ ప్రవేశపెట్టడంతో వృత్తివిద్య బడుగుల ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 2019 తరువాత ఇదే సాయం జగనన్న విద్యా దీవెన, వసతి దీవెన పేర్లతో కొనసాగింది. 2024లో ప్రభుత్వం మారాక పోస్ట్‌ మెట్రిక్‌ ఉపకార వేతనాలన్న పాత పేరే తిరిగి వచ్చింది. పేర్లు ఎన్ని మారినా సాయం రెండు రకాలే. ఒకటి కళాశాలకు చెల్లించే బోధనా రుసుం, రెండోది విద్యార్థి భోజన వసతికి ఇచ్చే నిర్వహణ ఖర్చు.

అర్హత ఎవరికి?

కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటరాదన్నది ప్రధాన నిబంధన. దీనికి తోడు 2019 నవంబరులో జారీ అయిన ఉత్తర్వుల్లో మరికొన్ని షరతులు చేర్చారు. వాటి ప్రకారం కుటుంబానికి మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపే ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ, పింఛనుదారు గానీ, ఆదాయపు పన్ను చెల్లించేవారు గానీ ఉండరాదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారు. నాలుగు చక్రాల వాహనం ఉంటే అనర్హులే అయినా టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు ఆ ఆంక్ష వర్తించదు. ఈ షరతుల్లో మార్పులు జరిగే వీలుంది గనుక దరఖాస్తు చేసే ఏడాదిలో అమలులో ఉన్న ఉత్తర్వును కళాశాలలో అడిగి తెలుసుకోవాలి.

డెల్టాలో ఎక్కువ భాగం మాగాణే కావడంతో ఇక్కడి కుటుంబాలకు 10 ఎకరాల లెక్కే కీలకం. కౌలుకు చేసే భూమి యజమాని పేరిట ఉంటుంది గనుక అది కౌలు రైతు ఖాతాలోకి రాదు. చిక్కంతా రికార్డులతోనే. ఎప్పుడో అమ్మేసిన కారు రవాణా శాఖ రికార్డుల్లో ఇంకా తండ్రి పేరిటే ఉన్నా, వేరొకరి సర్వే నంబరు పొరపాటున తమ ఆధార్‌కు జతపడినా అర్హుడే అనర్హుడిగా కనిపిస్తాడు. ఫలితం వచ్చాక పరుగులు పెట్టేకన్నా ప్రవేశాలకు ముందే తహసీల్దారు కార్యాలయంలో, సచివాలయంలో వీటిని సరిచేయించుకోవడం మేలు.

సీటు ఏ కోటాలో?

కన్వీనర్‌ కోటాలో వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్‌ వర్తిస్తుంది. యాజమాన్య కోటా, స్పాట్‌ అడ్మిషన్లకు, దూరవిద్యకు వర్తించదు. ఒకే స్థాయి కోర్సు రెండోసారి చదివినా సాయం రాదు. బీఏ పూర్తి చేసిన విద్యార్థి మళ్లీ బీకాంలో చేరితే ఫీజు సొంతంగా కట్టుకోవలసిందే. ప్రైవేటు కళాశాలల్లో పీజీ విద్యార్థులకు 2020 డిసెంబరులో వెలువడిన జీఓ 77తో ఈ సాయం నిలిచిపోయిన సంగతి తెలిసిందే. పీజీలో చేరేవారు ఆ ఏటి ఉత్తర్వు చూసుకున్న తరువాతే కళాశాలను ఎంచుకోవాలి. హాస్టలు, మెస్సు, బస్సు చార్జీలు బోధనా రుసుంలోకి రావన్నది కూడా గమనార్హం.

75 శాతం గీత

సాయం నిలవాలంటే హాజరు 75 శాతానికి తగ్గకూడదు. ఇక్కడే పలువురు పొరబడుతున్నారు. అనారోగ్యం వంటి కారణాలపై 65 నుంచి 75 శాతం మధ్య హాజరున్నవారిని పరీక్షకు అనుమతించే వెసులుబాటు విశ్వవిద్యాలయాల్లో ఉంటుంది. అది పరీక్ష వరకే. ఉపకార వేతనానికి అదే సడలింపు వస్తుందని భరోసా పెట్టుకోరాదు. జులై, ఆగస్టుల్లో వరద వస్తే లంక గ్రామాలకు రాకపోకలు స్తంభిస్తాయి. నాట్లు, కోతల రోజుల్లో కూలికి వెళ్లక తప్పని పిల్లలూ ఉన్నారు. అలాంటి వారు మిగిలిన నెలల్లో ఒక్క తరగతి కూడా వదలకుండా ముందే లెక్క చూసుకోవాలి.

ఏటా పునరుద్ధరణ తప్పనిసరి. పై తరగతికి ప్రమోటయిన విద్యార్థికే సాయం కొనసాగుతుంది. డిటెయిన్‌ అయితే చదివిన ఏడాదినే మళ్లీ చదవాలి, ఆ ఏడాది ఫీజు చేతి నుంచి పడుతుంది. మధ్యలో కళాశాల మారదలచినవారు టీసీ తీసుకునే ముందే పాత దరఖాస్తు సంగతి తేల్చుకోవాలి.

పేరు ఒకటి, ఖాతా మరొకటి

పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరాల్లో ఉండటం మన వద్ద సర్వసాధారణం. కంప్యూటరు దృష్టిలో వారిద్దరూ వేర్వేరు వ్యక్తులు. పదో తరగతి పత్రాన్ని ప్రమాణంగా తీసుకుని ఆధార్‌ను దిద్దించుకోవడమే తేలిక మార్గం. డబ్బు ఆధార్‌కు అనుసంధానమైన ఖాతాలోకే వస్తుంది. రెండేళ్లు లావాదేవీలు లేకుంటే ఖాతా స్తంభిస్తుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌ 1న యూనియన్‌ బ్యాంకులో, చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. ఆ బ్యాంకుల పాత పాసుపుస్తకాలున్న కుటుంబాలు ఐఎఫ్‌ఎస్‌సీ సంకేతం, ఆధార్‌ అనుసంధానం మరోమారు సరిచూసుకోవాలి.

కేంద్ర సాయం.. ఒక్కటే ఎంచుకోవాలి

ఇంటర్‌లో తమ బోర్డు, తమ విభాగంలో 80 పర్సంటైల్‌ పైన నిలిచి, కుటుంబ ఆదాయం రూ.4.5 లక్షల లోపున్నవారికి కేంద్ర ప్రతిభా ఉపకార వేతనం ఉంది. దేశం మొత్తం మీద ఏటా 82 వేల మందికి, డిగ్రీలో ఏడాదికి రూ.12 వేలు, పీజీలో రూ.20 వేల చొప్పున ఇస్తారు. జాతీయ స్కాలర్‌షిప్‌ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే పునరుద్ధరిస్తారు. అయితే రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌ పొందేవారు దీనికి అనర్హులు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఫీజు స్వల్పం గనుక అక్కడ చదివేవారికి కేంద్ర సాయమే లాభించవచ్చు. ఇంజినీరింగ్‌ విద్యార్థికి రీయింబర్స్‌మెంటే మేలు. సాంకేతిక విద్య చదివే బాలికలకు ఏఐసీటీఈ ప్రగతి పథకం కింద ఏటా రూ.50 వేలు లభిస్తుంది. దీనికి ఆదాయ పరిమితి రూ.8 లక్షలు, ఒక కుటుంబం నుంచి ఇద్దరికే అవకాశం.

బకాయి ప్రభుత్వానిది.. ఒత్తిడి విద్యార్థిపై

నిధుల విడుదల జాప్యమైతే కొన్ని యాజమాన్యాలు ఫీజు కట్టాలని విద్యార్థులను ఒత్తిడి చేయడం, ధ్రువపత్రాలు ఇవ్వకపోవడం ఏళ్లుగా చూస్తున్నదే. ఒరిజినల్‌ ధ్రువపత్రాలను కళాశాలలు తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. అలాంటి ఇబ్బంది ఎదురైతే ముందు ప్రిన్సిపాలుకు రాతపూర్వకంగా విన్నవించి రసీదు పొందాలి. అప్పటికీ ఫలితం లేకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. అవసరానికి చేతి నుంచి ఫీజు చెల్లించినవారు రసీదు తప్పక దాచుకోవాలి. ప్రభుత్వ సొమ్ము వచ్చాక కళాశాల నుంచి దానిని తిరిగి కోరడానికి అదే ఆధారం.

దగ్గర ఉంచుకోవలసినవి

కుల, ఆదాయ ధ్రువపత్రాలు, రేషన్‌కార్డు, ఆధార్‌ ప్రతులు, పదో తరగతి నుంచి మార్కుల జాబితాలు, సీటు కేటాయింపు పత్రం, పాసుపుస్తకం మొదటి పేజీ, దరఖాస్తు సంఖ్య, ప్రతి సెమిస్టరు హాజరు వివరం, కట్టిన ప్రతి రుసుముకు రసీదు. కోర్సు పూర్తయి ధ్రువపత్రాలు చేతికందే దాకా వీటిని ఒకే సంచిలో భద్రపరచుకోవాలి.