వెట్టి రద్దయింది ఏ ఏడు? సూర్యాపేట సీమలో తేదీల చిక్కు

పెన్‌పహాడ్, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో బానిసత్వం ఎప్పుడు రద్దయిందంటే 1843, 1862, 1950, 1975 అన్నీ జవాబులుగా ముందుకొస్తాయి. ఒక్కో తేదీ వెనుక ఒక్కో చట్టం ఉంది, ఒక్కో చట్టం రద్దు చేసింది ఒక్కోదాన్ని. దేశాలవారీ రద్దు తేదీల పట్టికలో ఒకే సంవత్సరం వేస్తే వెట్టి చేసిన మనుషుల చరిత్ర అందులో కనబడదు.

1833 నాటి బ్రిటిష్ రద్దు చట్టం ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలను మినహాయించింది. 1843లో ఆ ప్రాంతాలకు వచ్చిన ఆ ఏటి అయిదో చట్టం కూడా బానిసలను విడిపించమని యజమానులను ఆదేశించలేదు. మనిషి మీద యాజమాన్య హక్కును కోర్టులు గుర్తించరాదంది, అంతే. బానిసల క్రయవిక్రయాలు నేరమైంది శిక్షాస్మృతి అమల్లోకి వచ్చిన 1862లో.

ఈ చట్టాల ఎల్ల సరిగ్గా ఈ సీమ మధ్యనే ఉండేది. సూర్యాపేట-కోదాడ దారిలోని మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం. పరగణా మాత్రం బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా జిల్లాది. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. 1843 చట్టం మునగాలకు వర్తించేది, పక్కనున్న సూర్యాపేట తాలూకాకు వర్తించేది కాదు. చాకిరి మాత్రం రెండువైపులా సాగింది. 1930లలో మునగాల రైతులు జమీందారుపై తిరగబడింది వెట్టి మీద కూడా.

నిజాం వైపు ఊళ్లలో దొర గడికి చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గౌడు కల్లు పంపాలి, తోలుపని వాళ్లు చెప్పులు కుట్టివ్వాలి. కూలి ఉండదు. అప్పు తీసుకున్నవాడు భగేలాగా, అంటే అప్పుకు కట్టుబడిన కూలీగా, దొర పొలంలోనే పనిచేయాలి. అతను పోతే బాకీ కొడుకు మెడకు చుట్టుకునేది. మనిషిని అమ్మిన కాగితం లేదు గనుక బానిసత్వ చట్టాలకు ఇది చిక్కదు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలకు హద్దులు పెట్టిందే తప్ప ఆ పద్ధతిని ఎత్తివేయలేదు.

నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్రమహాసభ సంఘాలు బలపడిన ఊళ్లలో 1940లలో జనమే వెట్టి మానేశారు. ఆ రద్దుకు గెజిట్ తేదీ లేదు.

1950 జనవరి 26న రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అప్పు బంధం తెగడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1975 అక్టోబరు 25 నుంచి వర్తించేలా వచ్చిన 1976 చట్టం వెట్టి, భగేలా, జీతం, పాలేరు పద్ధతులను పేరు పేరునా చేర్చి, ఆ బాకీలన్నీ చెల్లవంది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాడిదే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. మారిటేనియా 1981లో బానిసత్వాన్ని రద్దు చేసింది, దాన్ని శిక్షార్హమైన నేరంగా మార్చింది 2007లో. మన దగ్గరా చట్టం వచ్చాకే దాని అర్థం తేలింది: భారత సుప్రీంకోర్టు 1982లో కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడమూ వెట్టేనని తేల్చింది. విడిపించినవారికి పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వాలదేనని 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో స్పష్టం చేసింది.