క్షౌరపు కుంచె కథ

పలివెల యనగానే కోనసీమవారికి ఉమాకొప్పులింగేశ్వరస్వామివారి యాలయము స్ఫురించును. వేశ్యాంగన ముడిచిన పూలమాలను అర్చకుడొకడు రాజునకు ప్రసాదముగా నీయగా అందొక వెండ్రుక కానవచ్చెననియు, స్వామికే కొప్పున్నదని యాతడు బొంకెననియు, మరునాడు భక్తవత్సలుడు లింగముపై నిజముగనే కొప్పు దాల్చి యాతని గాచెననియు స్థలపురాణము. ఒక్క వెండ్రుక యొకని ప్రాణము మీదికి తెచ్చిన కథ యది. నేడు నేను చెప్పబోవునదియు వెండ్రుకల మూలమున ప్రాణాపాయము వాటిల్లిన కథయే. అయితే యిది పురాణము గాదు, చరిత్ర. గడ్డమునకు సబ్బునురుగు పట్టించు కుంచెను గూర్చినది.

మన పూర్వుల క్షౌరమునకు కుంచెతో పనిలేదు. నాయీబ్రాహ్మణుడు పొది చంకనిడుకొని యింటికి వచ్చి, అరుగుమీదనో చెట్టునీడనో కూర్చుండబెట్టి, నీటితో గడ్డమును తడిపి, వ్రేళ్లతో రుద్ది మెత్తబరచి, నూరిన కత్తితో గీసెడివాడు. ప్రతిఫలము కళ్లములో ధాన్యరూపమున ముట్టుచుండెడిది. వెండ్రుక నానిననే కత్తికి లొంగునను సూత్రము నాటివారికిని తెలియును. నేటి కుంచె చేయుపనియు నదియే.

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తి యైన పిమ్మట కాలువలలో పడవల రాకపోకలు హెచ్చి, కోనసీమకు బయటి సరకులు సులభముగా చేరజొచ్చెను. అమెరికాలో జిల్లెట్ అనునాతడు, పారవేయదగిన పలుచని బ్లేడుగల రేజరునకు 1904లో పేటెంటు పొందెను. నాటినుండి క్రమముగా మగవాడు తన గడ్డమును తానే గీసికొన నేర్చెను. దానితోపాటు కుంచెయు ఇంటింటి వస్తువయ్యెను.

కుంచెలలో మేలైనది బ్యాడ్జరు అను జంతువు రోమముతో చేయబడునది. అది మృదువు, నీటిని చక్కగా నిలుపును; కాని వెల హెచ్చు. పందివెండ్రుకల కుంచె చౌక. మొదట గరుకుగా నుండి, వాడిన కొలది మెత్తబడును. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా బ్యాడ్జరు రోమము దొరకుట దుర్లభమయ్యెను. దానికి బదులుగా తూర్పుదేశముల గుఱ్ఱపు వెండ్రుకలకు రంగువేసి, చౌక కుంచెలు కట్టి యమ్మిరి. అంతకుముందు జరుగుచుండిన శుద్ధి యుద్ధపు తొందరలో సరిగా జరుగలేదు.

ఇక ఫలితము వినుడు. మన రైతులు పశువులయందు దొమ్మరోగ మనునది యెరుగుదురు. దాని క్రిమిబీజములు చచ్చిన పశువు రోమములను అంటి యేండ్లతరబడి జీవించియుండగలవు. గడ్డము గీయునపుడు కలిగిన చిన్న గాటులనుండి యవి చర్మమున ప్రవేశించి, నల్లని పుండ్లు పుట్టించెను. సైనికులును పౌరులును 200 మందికి పైగా యీ విధమున వ్యాధిగ్రస్తులైరి, కొందరు మరణించిరి. ఆంగ్లేయ ప్రభుత్వము 1919లో దొమ్మనివారణ శాసనమును చేసి, 1920లో జపాను కుంచెల దిగుమతిని నిషేధించెను. నాలుగు కాసులు మిగులుటకు కొన్న కుంచె నలుగురి ప్రాణములు దీసెను. చౌక తప్పుగాదు; శుద్ధిలేని చౌకయే తప్పు.

1938లో నైలాను పోగులు వెలువడినప్పటినుండి యీ చిక్కు తీరు మార్గమేర్పడెను. నేడు నైలాను, తత్సమానమగు కృత్రిమ పోగుల కుంచెలు అంగళ్లలో స్వల్పమూల్యమునకు దొరకుచున్నవి. పందివెండ్రుక యాచారమునకు సరిపడదనువారికిని, జంతుహింస నొల్లనివారికిని ఇవి తగినవి. త్వరగా ఆరుట వీనికి గల మరియొక గుణము.

కొనునపుడు మూడు పరీక్షలు చాలును. కుచ్చును మెల్లగా లాగిన పోగు లూడరాదు. అరచేతిపై నొత్తిన వంగి, విడిచిన వెంటనే నిలువవలెను. మొన చెంపకు గ్రుచ్చుకొనరాదు. పిడి సొగసునకు ధనము వెచ్చింపబనిలేదు. మన సీమ కొబ్బరినూనె సబ్బు శీఘ్రముగా నురుగిచ్చును గాని ఆ నురుగు చిరకాలము నిలువదు. కావున క్షౌరమునకై చేసిన సబ్బునే వాడుట మేలు. పిదప కుంచెను చల్లనీట కడిగి, విదిలించి, గాలి తగులుచోట ఆరవేయవలెను. తడిసిన కుంచెను మూతలో బంధించిన దుర్గంధమును బూజును పుట్టును.

తుదకొక్క మాట. ఒకరి కుంచెను, ఒకరి బ్లేడును మరియొకరు వాడరాదు. బ్లేడు మూలమున రక్తగతములగు వ్యాధులును, కుంచె మూలమున చర్మరోగములును సంక్రమింపవచ్చును. క్షౌరశాలకు పోవు పెద్దలు క్రొత్త బ్లేడును ఎదుట విప్పించుకొనుటయు, వలసిన తమ కుంచెను తామే కొనిపోవుటయు అవమానము గాదు. కొప్పు దాల్చి యర్చకుని గాచిన స్వామి కరుణ గొప్పదే. మన ముఖమును మనము కాచుకొనుట మన పని.